ఇంట వెలసిన ప్రదర్శనశాల

నేడు ప్రతి మహానగరమునందును ప్రదర్శనశాల యొకటి కానవచ్చును. ప్రభుత్వము దానికి భవనము నిర్మించును, ఉద్యోగులను నియమించును, ఏటేట కొంత ద్రవ్యమును కేటాయించును. బాలబాలికలు ఉపాధ్యాయుల వెంట వచ్చి, అద్దపు బీరువాలలో నిలిచియున్న పులులను, పక్షులను, వెనుకటి యుగముల జంతువుల యెముకలను చూచి, విజ్ఞానమును వినోదమును ఏకకాలమున పొంది తిరిగి పోవుదురు. ఇంతటి యేర్పాటు ఎల్లకాలమును ఉన్నదనియే చూచువారు తలంతురు. కాని పదునెనిమిదవ శతాబ్దము కడపట, అమెరికా సంయుక్త రాష్ట్రములు క్రొత్తగా స్వాతంత్ర్యము పొందిన దినములలో, ఆ దేశమున ప్రభుత్వము నడపు జాతీయ ప్రదర్శనశాల యేదియు లేదు. ఆ కాలమున ఒక చిత్రకారుడు తన నివాసగృహమునే ప్రకృతి వస్తువుల శాలగా మార్చెను. అతని బిడ్డలును, ఇంటి పనివారును దానికి కాపరులైరి. వీథిని పోవు బాటసారి లోపలికి వచ్చి పాతిక సెంట్లు చెల్లించినచో, ఆ ఖండమందలి జంతుజాలము అతని కన్నుల యెదుట నిలిచెడిది. ఆ చిత్రకారుని పేరు చార్లెస్ విల్సన్ పీల్. అతని ఊరు ఫిలడెల్ఫియా.

పీల్ 1741వ సంవత్సరమున మేరీలాండ్ సీమలో జన్మించెను. అతని తండ్రి బడిపంతులు. పీల్ తొమ్మిదేండ్ల బాలుడుగా ఉన్నపుడే తండ్రి గతించుటచే కుటుంబము దారిద్ర్యమున పడెను. 13వ యేట అతడు గుఱ్ఱపు జీనులు కుట్టు పనివాని యొద్ద శిష్యుడుగా చేరెను. ఆ పని నేర్చిన పిమ్మట గడియారములు బాగుచేయుట, వెండిపని చేయుట కూడ అలవరచుకొనెను. కొంతకాలమునకు అతని మనస్సు చిత్రలేఖనము వైపు మరలెను. గురువునకు దక్షిణ ఇచ్చుటకు చేత ధనము లేదు. తాను కుట్టిన జీను నొకదానిని ఒక చిత్రకారునకు సమర్పించి, అతడు బొమ్మ వ్రాయు విధమును చూచి నేర్చుకొనెను. అతని ప్రజ్ఞను గుర్తించిన పెద్దలు ధనసహాయము చేయగా, 1767లో లండను నగరమునకు పోయి, 1769 వరకు బెంజమిన్ వెస్ట్ అను ప్రసిద్ధ చిత్రకారుని యొద్ద అభ్యసించెను. 1776లో ఫిలడెల్ఫియాలో స్థిరపడి, స్వాతంత్ర్య సంగ్రామమున సైనికుడై పోరాడెను. జార్జి వాషింగ్టనును ఎదుట కూర్చుండబెట్టుకొని పలుమారులు చిత్రించెను. మనుష్యుడు చేతితో చేయగల పని యేదియైనను తాను నేర్వగలనను ధైర్యము అతనికి చిన్ననాటి కష్టములలో అలవడినది. ప్రదర్శనశాలకు మూలధనము ఆ ధైర్యమే.

ఆ శాలకు అంకురము అనుకోకుండ పడెను. యుద్ధము ముగిసిన కాలమున, ఒక జర్మను వైద్యుని కొరకు కొన్ని పెద్ద యెముకల బొమ్మలు వ్రాయుమని పీల్‌ను కోరిరి. అవి ఒహాయో నదీప్రాంతమున దొరికిన యెముకలు. ఏ జంతువువో ఎవరికిని తెలియవు. ఆ యెముకలు పీల్ చిత్రశాలలో పడియుండగా అతని బావమరది చూచుట తటస్థించెను. గోడలపైనున్న వీరుల చిత్రములకంటె ఆ యెముకలే తనకు ఎక్కువ వింతగా ఉన్నవనియు, వానిని చూచుటకై ఇరువది మైళ్ళు ప్రయాణము చేసి రమ్మన్నను వత్తుననియు అతడు చెప్పెను. వేరొకడైనచో తన చిత్రములను చిన్నబుచ్చినందుకు కినుక వహించియుండును. పీల్ మాత్రము ఆ మాటలోని సత్యమును గ్రహించెను. ప్రజలకు ప్రకృతిని చూడవలెనను ఆకలి కలదు. ఆ యాకలి తీర్చు స్థలము లేదు. 1786లో అతడు పత్రికలలో ప్రకటన చేసి, ప్రకృతి వింతలను తనకు పంపవలసినదిగా పౌరులను కోరెను. చిత్రశాలలోని పొడవైన గది ప్రదర్శనశాల యయ్యెను.

మొదట వచ్చిన కానుకలలో తెడ్డు వంటి మూతి గల నదీమత్స్య మొకటి. బెంజమిన్ ఫ్రాంక్లిన్ అంతటి పెద్దమనిషి తన యొద్దనున్న అంగోరా పిల్లి చనిపోగా దాని కళేబరమును పంపెను. కాని చచ్చిన జంతువును చెడకుండ నిలుపు విద్య పీల్‌కు అప్పటికి సరిగా తెలియదు. ఆ పిల్లి నిలువలేదు. పీల్ నిరాశ పడక పుస్తకములు వెదకెను. వానిలోని పద్ధతులు ఫలింపకపోగా స్వయముగా ప్రయోగములు చేసెను. పురుగులు పట్టకుండ చర్మములను పాషాణపు నీటిలో నానబెట్టు విధము అతనికి ఫలించెను. పాషాణము ఘోరమైన విషము. ఆ పని చేయుచు అతడు జబ్బుపడిన దినములు కలవు. పెద్ద జంతువుల విషయమున గడ్డి కూరుట మానివేసి, కొయ్యతో కాళ్ళను, కండల పొంకమును చెక్కి, దానిపై చర్మమును తొడిగెడివాడు. జీనులు కుట్టిన చేయి, బొమ్మలు గీసిన కన్ను, రెండును ఈ క్రొత్త విద్యకు తోడ్పడెను. 1787లో వాషింగ్టను తన యింట చనిపోయిన బంగారువన్నె ఫెజంటు పక్షుల జంటను పంపునాటికి పీల్ చేయి తిరిగియుండెను. ఆ పక్షుల మాట చివర మరల వచ్చును.

ఆ కాలమున ఐరోపాలోని ధనికుల యిండ్లలో వింతవస్తువుల గదులు లేకపోలేదు. కాని వానిలో మొసలి ప్రక్కన శంఖము, శంఖము ప్రక్కన కత్తి, ఇట్లు వస్తువులు కలగాపులగముగ ఉండెడివి. చూచుటకు యజమాని స్నేహితులకే తరచు ప్రవేశము. పీల్ శాల రెండు విధముల భిన్నమైనది. టిక్కెట్టు కొన్న ప్రతివాడును, స్త్రీయైనను పురుషుడైనను, రావచ్చును. వచ్చినవానికి వస్తువులు ఒక క్రమమున కానవచ్చును. స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ జీవులను తెగలుగా, జాతులుగా విభజించిన పద్ధతి ననుసరించి పీల్ పక్షులను అద్దపు పెట్టెలలో వరుసగా నిలిపెను. ప్రతి పెట్టె వెనుక గోడపై ఆ పక్షి నివసించు చోటును, కొండయో నీటిమడుగో గడ్డిమైదానమో, రంగులతో చిత్రించెను. పక్షిని చూచిన కన్ను దాని బ్రతుకును కూడ చూడవలెనని అతని ఉద్దేశము. గది చివర మట్టితో దిబ్బ కట్టి, పచ్చిక పరచి, చెట్లు నాటి, వాని నడుమ జంతువులను నిలిపెను. ప్రక్కన చిన్న కొలను, అందు చేపలు, బాతులు, తాబేళ్ళు.

1787లో ఒక మతాచార్యుడు ఆ శాలను చూడవచ్చెను. లోపల పీల్ చేతిలో పెన్సిలు పట్టుకొని, కదలక మెదలక నిలిచియుండెను. పనిలో నున్నవానిని పలుకరించుట మర్యాద కాదని ఆచార్యుడు వెనుకకు తగ్గి వేచియుండెను. ఇంతలో వేరొక వాకిలినుండి అసలైన పీల్ నడిచివచ్చి స్వాగతము చెప్పెను. ముందు కనబడినది మైనపు బొమ్మ! ఇట్టి చమత్కారములు పీల్‌కు ఇష్టము. నవ్వించి లోనికి పిలిచి, పిలిచిన పిమ్మట నేర్పవలెనని అతని తంత్రము.

పీల్ కుటుంబము పెద్దది. చిత్రకారుల యందలి భక్తిచేత అతడు కుమారులకు రాఫెల్, రెంబ్రాంట్, టిషియన్, రూబెన్స్ అని పేర్లు పెట్టెను. ప్రదర్శనశాల పెరిగినకొలది బిడ్డల పేర్లును మారెను: ఒకనికి లిన్నేయస్ అనియు, మరియొకనికి ఫ్రాంక్లిన్ అనియు పేరిడెను. ఈ పిల్లలు పాషాణపు వాసనల నడుమ, పక్షుల యీకల నడుమ పెరిగిరి. ఒకడు జంతువులకు మేత వేయును; ఒకడు రంగులు నూరును; ఒకడు ద్వారముకడ నిలిచి టిక్కెట్లు తీసికొనును. వారికి ఇల్లును, బడియు, దుకాణమును ఒక్కటియే.

1794 నాటికి ఇల్లు చాలకపోయెను. అమెరికా తత్త్వశాస్త్ర సంఘము తన భవనమున చోటిచ్చెను. సామాను తరలించుటకు బండ్లు కట్టించిన ఖర్చగును. జంతువులు విరుగునను భయమును కలదు. పీల్ ఒక ఉపాయము పన్నెను. ఆ పేటలోని పిల్లల నందరను పిలిచెను. ముందు బలిష్ఠులైన పెద్దవారు అడవిదున్నను, చిరుతల వంటి మృగములను భుజముల కెత్తుకొనిరి; వారి వెనుక పిల్లలు తలకొక చిన్న జంతువును చేతబట్టి బారులు తీరి నడచిరి. నగరమంతయు వాకిళ్ళలోనికి వచ్చి ఈ యూరేగింపును చూచెను. కూలి ఖర్చు తగ్గెను. శాల క్రొత్త చోటికి మారినదన్న వార్త ఊరంతటికిని తెలిసెను. ఒక వస్తువును చేతులార మోసిన బాలుడు దానిని తనదిగా భావించును. ఆ దినమున పీల్ శాల కొంత ఊరివారి సొత్తు కూడ అయ్యెను.

అప్పుడు ఫిలడెల్ఫియా దేశమునకు రాజధాని. 1790 నుండి 1800 వరకు శాసనసభ్యులు, వర్తకులు, విదేశీయులు ఆ నగరమునకు వచ్చిపోవుచుండిరి. అట్లు వచ్చినవారిలో అనేకులు పీల్ శాలకు పోయిరి. వారి టిక్కెట్ల డబ్బే కుటుంబమునకు తిండియు, జంతువులకు మేతయు, క్రొత్త వస్తువులకు పెట్టుబడియు. ఇందులోనే ఆ శాలకు గల బలమును బలహీనతయు ఇమిడియున్నవి. జనులు వచ్చినంతకాలము ఎవరి దయకును చేయి చాపనక్కరలేదు. కాని జనులను రప్పించుటకు ఎప్పటికప్పుడు ఏదియో వింత చూపవలెను. జ్ఞానము కోరి వచ్చువారు కొందరు. వింత కోరి వచ్చువారు పెక్కుమంది. ఈ రెండు కోరికల నడుమ త్రాసు సరిగా నిలుపుట పీల్ జీవితమునకు నిత్యపరీక్ష యయ్యెను.

ఆ పరీక్షలో అతడు పొందిన ఘనవిజయము 1801లో జరిగినది. న్యూయార్కు రాష్ట్రమున న్యూబర్గ్ అను ఊరికడ ఒక రైతు తన పొలమున ఎరువుమట్టి త్రవ్వుచుండగా పెద్ద యెముకలు బయల్పడినవి. ఆ వార్త విని పీల్ అచటికి పోయెను. దొరికిన యెముకలకు 200 డాలర్లును, మిగిలినవానిని త్రవ్వుకొనుటకు మరి 100 డాలర్లును ఇచ్చుటకు బేరము కుదిరెను. రైతు కుమారునికి తుపాకియు, ఇంటి ఆడువారికి గౌనులును అదనము. తత్త్వశాస్త్ర సంఘము 500 డాలర్లు అప్పు ఇచ్చెను.

గొయ్యి నిండ నీరు. ఎంత తోడినను ఊటలు ఊరుచునే యుండెను. పీల్ ఎత్తైన చక్రమొకటి కట్టించెను. మనుష్యులు దాని లోపల నడుచుచుండగా చక్రము తిరుగును. దానితోపాటు బకెట్ల వరుస గొయ్యిలోనికి దిగి నీటిని పైకి తెచ్చి ప్రక్కనున్న కాలువలో పోయును. మన పల్లెలలో ఒకప్పుడు ఏతములును మోటలును చేసిన పనినే ఆ చక్రము చేసెను. ఎముకల కొరకు జరుగు ఈ వింత త్రవ్వకమును చూచుటకు బాటసారులు ఆగిరి. చుట్టుప్రక్కల గ్రామములవారు గుంపులుగా వచ్చిరి. చక్రములో నడుచుటకు వంతులు వేసికొనిరి. అచట పని ముగిసినను అస్థిపంజరము పూర్తి కాలేదు. సమీపమున మరి రెండు చోట్ల త్రవ్వి చూడగా, చివరి చోట క్రింది దవడ దొరకెను. తరువాత పీల్ ఈ త్రవ్వకమును పెద్ద చిత్రముగా వ్రాసెను. అందు ఆకాశమున మబ్బులు క్రమ్మియుండును, చక్రము తిరుగుచుండును, గట్టుపై పీల్ ఎముక బొమ్మగల పొడవైన కాగితమును విప్పి పట్టుకొనియుండును. అతని చుట్టును కుటుంబమంతయు నిలిచియుండును.

ఎముకలు ఫిలడెల్ఫియా చేరిన పిదప వానిని కూర్చుటకు సుమారు మూడు నెలలు పట్టెను. ఏ యెముక ఎచ్చట ఇముడునో చూపు పుస్తకము లేదు. ఏనుగు యెముకలతో పోల్చుకొనుచు, ముక్కముక్కను అతికి చూచుచు పని సాగెను. దొరకని భాగములను కొయ్యతో చెక్కి అమర్చిరి. 1801 డిసెంబరు 24న అస్థిపంజరము నిలిచెను. దాని ఎత్తు భుజముకడ సుమారు 11 అడుగులు. దానిని చూచుటకు వేరుగా 50 సెంట్లు రుసుము పెట్టినను జనులు విరివిగ వచ్చిరి. కొంతకాలము దాని దంతములను క్రిందివైపునకు వంగునట్లు తలక్రిందుగా అమర్చిరి. అది మాంసము తిను జంతువని భ్రమించుటయే అందుకు కారణము. పిమ్మట ఆ పొరపాటు సవరింపబడినది.

ఆ జంతువును మొదట అందరును మామత్ అని పిలిచిరి. 1806లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు క్యువియే అది వేరు జాతి యని నిరూపించి మాస్టొడాన్ అను పేరిడెను. అతడు అంతకు ముందే, 1796లో, కొన్ని జంతుజాతులు భూమిపై పూర్తిగ నశించినవని ప్రకటించియుండెను. ఆ కాలమున ఈ మాట అనేకులకు మింగుడుపడలేదు. సృష్టిలో ఏ జాతియు నశింపదనియు, ఆ మహామృగము పడమటి అడవులలో నేటికిని తిరుగుచుండుననియు అధ్యక్షుడు జెఫర్సన్ వంటి మేధావియే తలంచెను. పీల్ నిలిపిన అస్థిపంజరము వాదము చేయలేదు, కేవలము నిలిచెను. దానిని చూచిన ప్రతివానికిని ఒక ప్రశ్న పుట్టెను: ఇంతటి జంతువు ఎక్కడనైన బ్రతికియున్నచో ఇంతవరకు ఎవరి కంటను పడకుండునా? పాతిక, అర డాలరు చెల్లించి వచ్చిన సామాన్యుడు శాస్త్రజ్ఞుల వాదమునందు ఈ విధముగ భాగస్వామి యయ్యెను.

ఆ యెముకలు కూర్చినవారిలో మోసెస్ విలియమ్స్ అను యువకుని పేరు ప్రత్యేకముగ చెప్పవలసినది. ఇతడు పీల్ కుమారుడు కాడు. పీల్ యింటి దాసుడు. ఇతని తల్లిదండ్రులు నీగ్రో జాతి దాసులుగా పీల్ యింట ఉండి, 1786లో విడుదల పొందిరి. 1780 నాటి పెన్సిల్వేనియా చట్టము దాస్యమును దశలవారీగా తొలగించునది. దాని ప్రకారము యువకుడైన మోసెస్‌కు 28వ యేటివరకు విముక్తి లేదు. స్వాతంత్ర్యము కొరకు యుద్ధము చేసిన గృహస్థుని యింటనే ఒక మానవుడు అస్వతంత్రుడై పెరిగెను. పీల్ కుమారులకు చిత్రకళ నేర్పెను. మోసెస్‌కు జంతువులను నిలుపుట, వస్తువులను అమర్చుట మాత్రమే నేర్పెను. ఎముకలు కూర్చునపుడు పండితులు ఇమిడి తీరునని తలంచిన చోట్లనే ముక్కలను పెట్టి చూచుచుండగా, మోసెస్ ఎవరును ఊహింపని చోట్ల పెట్టి చూచి, ఇతరులకంటె ఎక్కువ ముక్కలను సరిపరచెనని చెప్పుదురు.

1802 ప్రాంతమున, గడువునకు ఒక యేడాది ముందుగ, పీల్ అతనికి విముక్తి నిచ్చెను. శాలలో మనుష్యుల ముఖరేఖలను గీయు యంత్రమొకటి అప్పుడే క్రొత్తగా వచ్చియుండెను. సందర్శకుడు ప్రక్కకు తిరిగి కూర్చుండగా యంత్రపు పుల్ల అతని ముఖపు అంచు వెంబడి ప్రాకి, మడిచిన కాగితముపై గీత గీయును. మోసెస్ ఆ గీత వెంబడి కత్తెర నడపి, ఒకేసారి నాలుగు ప్రతులు కత్తిరించెడివాడు. రుసుము 8 సెంట్లు. మొదటి సంవత్సరముననే ఎనిమిది వేలకు పైగా ముఖచిత్రములు కత్తిరించెనని పీల్ వ్రాసియున్నాడు. ఆ సంపాదనతో మోసెస్ రెండంతస్తుల ఇటుకల యిల్లు కొనెను, వివాహమాడి గృహస్థుడయ్యెను. కాని ఆ కాగితములపై ఉన్నది ప్రదర్శనశాల ముద్ర. మోసెస్ పేరు కాదు. ఒక కుటుంబము నడపిన సంస్థ యని చెప్పునపుడు ఆ కుటుంబమున ఎవరెవరిని లెక్కించుచున్నామో ఈ ముద్ర అడుగుచున్నది.

1802లో పెన్సిల్వేనియా శాసనసభ తన పాత భవనపు మేడను అద్దె లేకుండ పీల్‌కు ఇచ్చెను. 1776లో స్వాతంత్ర్య ప్రకటన వెలువడినదియు, 1787లో రాజ్యాంగము రచింపబడినదియు ఆ భవనముననే. నూరడుగులకు మించిన పొడవు గల గదిలో క్రింద వరుస వరుసలుగ పక్షులు, వానిపైన స్వాతంత్ర్య వీరుల చిత్రములు. 1804లో ప్రఖ్యాత జర్మను శాస్త్రజ్ఞుడు హంబోల్ట్ అమెరికాకు రాగా పీల్ అతనిని వెంటబెట్టుకొని వాషింగ్టను నగరమునకు పోయి అధ్యక్షుని దర్శింపజేసెను. లూయిస్, క్లార్క్ అను వారు పడమటి సముద్రము వరకు యాత్ర చేసి 1806లో తిరిగి వచ్చిన పిదప, వారు తెచ్చిన వస్తువులు పలువిధముల ఈ శాలకు చేరెను. అలెగ్జాండర్ విల్సన్ తన ప్రసిద్ధమైన పక్షిశాస్త్ర గ్రంథమునకు ఇచటి పక్షులను చూచి బొమ్మలు వ్రాసెను.

వింతలు ఒక్కొక్కప్పుడు చేయి దాటెడివి. 1808లో జెఫర్సన్ రెండు గ్రిజ్లీ యెలుగు కూనలను పంపెను. కూనలుగ నున్నపుడు అవి ముద్దుగ నుండెను. పెరిగి పెద్దవైనకొలది వాని క్రూరత్వము బయటపడెను. ఒకనాటి రాత్రి ఒక యెలుగు బోను విడిపించుకొని పీల్ కుటుంబము నివసించు భవనపు నేలమాళిగలోనికి చొరబడెను. పీల్ తలుపులు బిగించి, తెల్లవారిన పిదప దానిని కాల్చివేసెను. రెండవదానికిని అదే గతి పట్టెను. తరువాత రెండును శాలలో చర్మరూపమున నిలిచినవి.

తన తరువాత ఈ శాల గతి యేమి? ఈ చింత పీల్‌ను ఎన్నడును విడువలేదు. ఒక కుటుంబపు సొత్తుగా నున్నంతకాలము ఇది నిలుకడ లేనిదని అతడు గ్రహించెను. రాష్ట్ర ప్రభుత్వమును, జాతీయ ప్రభుత్వమును దీనిని స్వీకరింపుమని పలుమారులు వేడెను. జెఫర్సన్‌కు సానుభూతి కలదు; కాని ఇట్టి పనికి ధనము వ్యయపరచు అధికారము తమకు కలదా యని శాసనసభ్యులలో పలువురకు సందేహము. చోటు లభించెను గాని శాశ్వతపోషణ లభింపలేదు.

1810లో పీల్ విశ్రాంతి పొంది శాలను రూబెన్స్ చేతిలో పెట్టెను. రూబెన్స్‌కు చూపు మందము, వ్యాపారబుద్ధి చురుకు. గ్యాసు దీపములు వెలిగించెను. సాయంకాలపు వినోదములు ఏర్పరచెను. రాబడి పెరిగెను, త్రాసు వింత వైపునకు కొంత వ్రాలెను. రెంబ్రాంట్ 1814లో బాల్టిమోర్ నగరమున ప్రదర్శనశాల కొరకే భవనము కట్టించి మరియొక శాల తెరచెను. చిన్నవాడైన టిషియన్ దూరదేశ యాత్రలకు పోయి ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా పేరు గాంచెను.

1822లో పీల్ మరల శాల భారమును వహించెను. అప్పటికి వయస్సు 81. ఆ యేడు అతడు తన నిలువెత్తు చిత్రమును తానే వ్రాసికొనెను. అందు అతడు ఎఱ్ఱని తెరను ఒక చేత ఎత్తిపట్టి, రెండవ చేతితో చూపరులను లోనికి పిలుచుచుండును. వెనుక పక్షుల పెట్టెల వరుసలు దూరదూరముగ సాగిపోవును. తెర చాటున మాస్టొడాన్ కాళ్ళు కనబడును. పాదములకడ చచ్చిన టర్కీకోడి చర్మము తీయుటకు సిద్ధముగ ఉండును. జీవితమంతయు చేసిన పని ఒక చూపులో ఇమిడియున్న చిత్రమది. 1827లో పీల్ తన 85వ యేట మరణించెను.

అతడు భయపడినదే జరిగెను. శాల చోటు మార్చెను, ఖర్చు పెరిగెను, అప్పులు ముసిరెను. 1849, 1850 సంవత్సరములలో ప్రకృతి వస్తువులన్నియు అమ్ముడుపోయెను. కొన్నవారు బార్నమ్, కింబాల్ అను ఇరువురు వినోదప్రదర్శకులు. బార్నమ్ భాగమును ఉంచిన న్యూయార్కు శాల 1865లో అగ్నికి ఆహుతి యయ్యెను. వీరుల చిత్రములు 1854లో వేలము వేయబడగా, వానిలో అనేకములను ఫిలడెల్ఫియా నగరమువారే కొని కాపాడిరి. మాస్టొడాన్ సముద్రము దాటిపోయి, ఎట్టకేలకు జర్మనీలోని డార్మ్‌స్టాట్ ప్రదర్శనశాలకు చేరెను. 2020లో హంబోల్ట్ స్మారకముగ వాషింగ్టను నగరమున జరిగిన ప్రదర్శనమునకు అది తాత్కాలికముగ అమెరికాకు తిరిగి వచ్చెను. పుట్టిన నేలను వీడి నూటయేబది యేండ్లు దాటిన పిమ్మట అయినను, నిలుచుటకు దానికి పీల్ యింటివారు కూర్చిన కాళ్ళే ఆధారము.

కింబాల్ భాగములో మిగిలినవి చేతులు మారి చివరకు హార్వర్డ్ విశ్వవిద్యాలయమునకు చేరెను. వానిలో వాషింగ్టను పంపిన ఫెజంటు పక్షులు కలవు. ఆ పక్షులను పంపిన మహాపురుషుడును, నిలిపిన చిత్రకారుడును, వానిని చూచి ఆశ్చర్యపడిన జనులును ఎన్నడో గతించిరి. రెండు వందల యేండ్లు దాటినను ఆ యీకలు మిగిలియున్నవి.

పీల్ చరిత్రమువలన తెలియునది ఇది. ఒక యింటివారి పట్టుదల గొప్ప సంస్థను పుట్టింపగలదు, కాని దానిని ఎల్లకాలము నిలుపజాలదు. పుట్టించుట ఒకరి పని, నిలుపుట పదిమంది పని. ఆ పదిమంది ముందుకు రానిచో, ఎంత శ్రమతో కూర్చినదైనను వేలపు పాటలో ముక్కలగును. బాలబాలికలు ప్రదర్శనశాలకు పోయినపుడు అద్దము వెనుక నున్న పక్షిని చూచి ముందునకు సాగిపోక, ఒక్క నిమిషము నిలిచి క్రిందనున్న చీటిని చదువవలెను. ఆ పక్షిని తెచ్చినదెవరు? పాషాణము పూసి నిలిపినదెవరు? వీథి వెంట మోసికొని వచ్చిన పిల్లలెవరు? చీటిపై పేరు లేని మోసెస్ విలియమ్స్ వంటివారు ఎందరు? ఈ ప్రశ్నలు పుట్టినవానికి ఆ శాల తన సొంత ఇల్లువలె తోచును. సొంత ఇంటిని ఎవరును పాడు కానీయరు.